50 కిలోల బస్తా 3 వారాలకే ఖాళీ, కోళ్లు తింటున్నాయా నేలపాలు చేస్తున్నాయా?

కొత్తగూడు
పెరట్లో 10 పెట్టలు, 2 పుంజులు ఉన్నాయి. దాణా తొట్టి రాత్రీ పగలూ గూట్లోనే ఉంటుంది, అడుగు కనబడగానే మళ్లీ అంచుదాకా నింపేస్తాను. 50 కిలోల లేయర్ మాష్ (గుడ్లు పెట్టే కోళ్లకి పెట్టే పొడి దాణా) బస్తా 3 వారాలు రావడమే కష్టంగా ఉంది. గుడ్లు చూస్తే రోజుకి 4, మహా అయితే 5. ఈ డబ్బుతో గుడ్లు కొనుక్కు తినడమే నయం కదా అని ఇంట్లో రోజూ దెప్పుతున్నారు. తక్కువ ధర దాణాకి మారిపోదామా, లేక సగం దాణా సగం మొక్కజొన్న కలిపి పెడదామా అని చూస్తున్నాను. ఇలా చేసి ఖర్చు తగ్గించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఒంటిపుంజు
ఇంట్లోవాళ్ల మాటే కరెక్టు. కానీ ఆ మాట ఈ వేదికలో ఎవ్వరూ ఒప్పుకోరు, మీరు సరైన చోటికే వచ్చారు.

లెక్కలపుంజు
దాణా మార్చే ముందు ఒకసారి లెక్క చూడండి. గుడ్లు పెట్టే పెట్ట రోజుకి 100 నుంచి 120 గ్రాములు తింటుంది. భారీ జాతులైతే ఇంకాస్త, చలిలో ఇంకాస్త, ఎండలు మండేటప్పుడు బాగా తక్కువ. తలకి 115 వేసుకున్నా మీ 12 కోళ్లకి రోజుకి 1.4 కిలోలు దాటదు. ఆ లెక్కన 50 కిలోలు 36 రోజులు రావాలి. మీకు 21 రోజులకే అయిపోతోంది, అంటే రోజుకి దాదాపు 2.4 కిలోలు. మధ్యలో రోజూ కిలో దాణా ఎటో పోతోంది. ఆ కిలో సంగతి తేలకుండా తక్కువ ధర బస్తా తెచ్చినా పారబోసేది చవకగా పారబోసినట్టే అవుతుంది.

ఎలుకలతోయుద్ధం
ఎటు పోతోందో నేను చెప్తాను. తొట్టి రాత్రి కూడా గూట్లోనే ఉంటుందన్నారుగా. అదే జవాబు.

కొత్తగూడు
మా పెరట్లో ఎలుకలు పెద్దగా కనబడవండీ.

ఎలుకలతోయుద్ధం
పగలు కనబడ్డాయంటే రాత్రి చోటు చాలక పగలు వస్తున్నాయని అర్థం. కనబడకపోవడం పెద్ద గొప్పేం కాదు. పెద్ద ఎలుక ఒక్కొక్కటి రోజుకి 20, 30 గ్రాములు తింటుంది. తిన్నదానికంటే పాడుచేసేది ఎక్కువ, ఉచ్చ, పెంటికలు అన్నీ దాణాలోనే. వాటితో వచ్చే రోగాలు వేరే. ఇవాళ చీకటి పడ్డాక తొట్టిని తూచి పెట్టండి, తెల్లారక ముందే మళ్లీ తూచండి. కోళ్లకి చీకట్లో కళ్లు కనబడవు, దూలం దిగి వచ్చి తినవు. రాత్రి ఎంత తగ్గితే అంతా ఎలుకలదే.

లెక్కలపుంజు
@ఎలుకలతోయుద్ధం తూకం ఆలోచన బాగుంది. కానీ కిలో మొత్తం ఎలుకలే తినాలంటే 40 ఎలుకలు కావాలి. అన్ని ఉంటే ఈయన ఇప్పటికే ఇల్లు ఖాళీ చేసి ఉండేవారు. సగం నేల మీదే పోతోందని నా అనుమానం. అంచుదాకా నింపుతానన్నారు చూడండి, అక్కడ ఉంది అసలు విషయం.

పెరటిఅమ్మమ్మ
నేను ఎప్పుడూ తొట్టి నింపలేదు నాయనా. పొద్దున్న ఇంత, సాయంత్రం ఇంత. మధ్యలో వదిలేస్తే చెత్తా చెదారం కెలుక్కుని, పురుగూ పుట్రా ఏరుకుని అవే తింటాయి. మీరంతా కోడిని కూర్చోబెట్టి మేపుతున్నారు, అందుకే ఈ ఖర్చు.

తవుడుబస్తా
అమ్మమ్మా, మీ కోళ్లు నాటువి, ఏడాదికి పెట్టే గుడ్లు తక్కువ, అందుకే వాటికి అది చాలింది. ఎక్కువ గుడ్లు పెట్టే జాతిని తెచ్చి ఆరుబయట వదిలేసి బతకమంటే ఒంట్లో ఉన్నది కరిగించి కొన్నాళ్లు పెడుతుంది, తర్వాత ఆపేస్తుంది. ఒక్క గుడ్డు పెంకులోనే 2 గ్రాముల దాకా కాల్షియం పోతుంది. అది పురుగుల్లో దొరకదు.

పెరటిఅమ్మమ్మ
గుడ్డు పెంకులు దంచి పెట్టేదాన్ని. అదేం కొత్త విషయం కాదు.

తవుడుబస్తా
అది మాత్రం మంచి పద్ధతే, నేనూ చేస్తాను. బాగా ఎండబెట్టి, గుడ్డు ఆకారం తెలియకుండా పలుకులుగా దంచాలి. పెద్ద ముక్కలు వేస్తే గుడ్లు పొడుచుకు తినే అలవాటు పడుతుందని భయం.

మూలగది
తొట్టి గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. కోడి ముక్కుతో దాణాని పక్కకి ఊడ్చి కావలసిన ముక్క ఏరుకుంటుంది, అది దాని స్వభావం. తొట్టి నిండుగా ఉంటే ఊడ్చినదంతా బయట పడుతుంది. మూడో వంతు నుంచి సగం వరకే పొయ్యండి, ఊడ్చినా లోపలే ఉంటుంది. తొట్టి అంచు కోడి నిలబడ్డప్పుడు దాని వీపు ఎత్తుకి రావాలి, అంతకంటే కిందుంటే కాళ్లతో కెలుకుతుంది, పైకి ఎక్కి రెట్ట వేస్తుంది. గొలుసుతో వేలాడదీస్తే ఎత్తు మార్చుకోవచ్చు. అంచు లోపలికి వంగి ఉండే తొట్టి దొరికితే ఇంకా మంచిది. లేకపోతే పైన అడ్డంగా కడ్డీలు బిగించండి, తల దూరితే చాలు, ఒళ్లు దూరకూడదు.

కొత్తగూడు
నాది నేల మీద పెట్టిన వెడల్పు బేసిన్.

మూలగది
అయ్యో.

ఒంటిపుంజు
బేసిన్ అంటే దాణా తొట్టి కాదండీ, కోళ్లకి స్విమ్మింగ్ పూల్.

లెక్కలపుంజు
అయితే రెండు పరీక్షలు చెయ్యండి. ఎలుకల తూకం ఒకటి. రెండోది, పగలు తొట్టి కింద పాత గోనె పట్టానో ప్లాస్టిక్ షీటో పరిచి సాయంత్రం దాని మీద పడింది ఊడ్చి తూచండి. రెట్ట, మట్టి కలిసి ఉంటాయి కాబట్టి ఖచ్చితంగా రాదు, కానీ వందల్లో ఉందా పదుల్లో ఉందా అన్నది తేలిపోతుంది.

పచ్చగడ్డి
ఇవన్నీ ఎందుకు, అజొల్లా పెంచండి, నీళ్ల మీద తేలే చిన్న మొక్క. చిన్న గుంట తవ్వి షీటు వేసి నీళ్లు పోస్తే కొద్ది రోజుల్లోనే రెట్టింపు అవుతుంది. 25 శాతం ప్రొటీన్. నేను దాణా సగానికి తగ్గించేశాను.

లెక్కలపుంజు
ఆ 25 శాతం ఎండబెట్టిన అజొల్లాలో. పచ్చిదాంట్లో 93, 94 పాళ్లు నీళ్లే. కిలో పచ్చి అజొల్లా వేస్తే కోడికి అందేది ఓ 60 గ్రాముల పొడి పదార్థం, అందులో ప్రొటీన్ 15 గ్రాములు. లేయర్ దాణా 100 గ్రాములు తింటే అంతకంటే ఎక్కువ ప్రొటీన్ వస్తుంది, శక్తి సంగతి వదిలెయ్యండి. సగానికి తగ్గించానన్నారు, గుడ్లు ఎలా ఉన్నాయి?

పచ్చగడ్డి
పచ్చసొన మంచి నారింజ రంగులో వస్తోంది.

లెక్కలపుంజు
రంగు అడగలేదు సార్, ఎన్ని వస్తున్నాయని అడిగాను.

పచ్చగడ్డి
కాస్త తగ్గాయి. సీజన్ వల్ల అనుకుంటున్నా.

ఒంటిపుంజు
మా కోళ్లకి ఏడాదంతా సీజనే.

మూలగది
పచ్చగడ్డి గారిని మరీ ఆటపట్టించకండి. అజొల్లా, మునగాకు, ఆకుకూరల కాడలు ఇవన్నీ పెట్టడం మంచిదే. విటమిన్లు వస్తాయి, పచ్చసొనకి రంగు వస్తుంది, పని దొరికితే ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం తగ్గుతుంది. దాణాకి బదులు అనుకుంటేనే తేడా కొడుతుంది. మొలకెత్తిన గింజల కథ కూడా ఇదే. కిలో గింజలు మొలకెత్తితే రెండు కిలోలకి పైగా తూగుతాయి, పెరిగిందంతా నీళ్లు. మొలక ఎదగడానికి గింజలో ఉన్న పిండి కొంత ఖర్చవుతుంది కాబట్టి పొడి పదార్థం నిజానికి తగ్గుతుంది. కోళ్లు ఇష్టంగా తింటాయి, అరుగుదల బాగుంటుంది, అంతవరకు సరే. బస్తా ఖర్చు మాత్రం తగ్గదు.

కొత్తగూడు
తూచాను. రాత్రి 9కి పెట్టిన దానికీ పొద్దున్న చీకటితో తూచిన దానికీ 400 గ్రాములు తేడా. షీటు మీద పడింది కూడా అటూ ఇటుగా అరకిలో ఉంది. అదీ ఎక్కువగా పొడే. మొక్కజొన్న నూక ముక్కలు ఏరుకుని తినేసి పొడి వదిలేస్తున్నాయి.

ఎలుకలతోయుద్ధం
400. నేను ఇంకేం మాట్లాడను.

ఎలుకలతోయుద్ధం
సరే మాట్లాడతాను. ముందు తొట్టి రాత్రిపూట తీసి మూత ఉన్న ఇనప డ్రమ్ములో పెట్టండి. కోళ్లు గూట్లోకి ఎక్కే ముందు తియ్యండి, పొద్దున్నే పెట్టండి, రాత్రి తొట్టి లేనంత మాత్రాన వాటికి ఏమీ కాదు. ప్లాస్టిక్ డ్రమ్ము నమ్మొద్దు, కొరికేస్తాయి. ఎలుకల మందు మాత్రం కోళ్ల దగ్గర పెట్టకండి. చచ్చిన ఎలుకని కోడి పొడిచినా, సగం మందు తిన్న చిట్టెలుకని మింగినా కోడికీ ఎక్కుతుంది, అవునండీ, కోళ్లు చిట్టెలుకల్ని మింగుతాయి. బోను పెట్టుకోండి. తిండి దొరక్కపోతే ఎలుకలు వాటంతట అవే వేరే చోటు వెతుక్కుంటాయి.

మౌనపాఠకుడు
కాలితో తొక్కితే మూత తెరుచుకునే తొట్టి పెట్టుకుంటే ఈ రోజువారీ ఎత్తడం దించడం ఉండదు కదా? ఎవరైనా వాడారా?

మూలగది
వాడుతున్నాను. ఎలుకలకి, పిచ్చుకలకి రెండిటికీ పనిచేస్తుంది. పిచ్చుకల సంగతి ఎవరూ ఎత్తలేదు, గుంపు పడితే అవీ తక్కువ తినవు. ఇబ్బందులు ఏంటంటే, కోళ్లకి అలవాటు కావాలి, మూత కదిలితే మొదట్లో బెదురుతాయి. మొదట మూత పూర్తిగా తెరిచి కట్టేసి, తర్వాత సగం, తర్వాత పూర్తిగా వదలాలి. చిన్న జాతి కోళ్ల బరువుకి కొన్నిటి మెట్టు దిగదు. పిల్లలున్న గూటికి పనికిరాదు, మూత కింద చిక్కుకుంటాయి.

తవుడుబస్తా
కొత్తగూడు గారూ, పొడి వదిలేస్తున్నాయన్నారు కదా, అది మీ రెండో నష్టం. ఆ పొడిలోనే ఉంటాయి సోయా చెక్క, ఖనిజాలు, విటమిన్లు. కోడి మొక్కజొన్న ముక్కలు తిని పొడి వదిలేస్తే మీరు 17 శాతం ప్రొటీన్ దాణా కొన్నా అది తినేది ఓ 10 శాతమే. గుడ్లు తగ్గడానికి అదీ కారణం కావచ్చు. మళ్లీ మీరు పైన సగం మొక్కజొన్న కలుపుతానన్నారు, అది అసలు చెయ్యకండి. మొక్కజొన్నలో ప్రొటీన్ 8, 9 శాతమే. సగం సగం కలిపితే మొత్తం 13కి పడిపోతుంది, కాల్షియం కూడా సగమవుతుంది. బస్తా ధర తగ్గుతుంది, గుడ్డు ధర పెరుగుతుంది.

కొత్తగూడు
మరి ఆ పొడి తినేలా చెయ్యడం ఎలా?

తవుడుబస్తా
తడిపి పెట్టండి. మాష్‌లో నీళ్లు కలిపి, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. అప్పుడు ఏరుకోవడం కుదరదు, పొడి ఎగరదు. ఎండ రోజుల్లో గంటా రెండు గంటల్లో తినేసేంతే తడపండి, మిగిలితే పులిసి బూజు పడుతుంది. తొట్టి రోజూ కడగాలి, అదొక్కటే చాకిరీ. లేదా పెల్లెట్ దాణాకి మారండి. గుళికల్లో అన్నీ కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఏరడానికి ఏమీ ఉండదు, కింద పడ్డా ఏరుకు తింటాయి. ధర కాస్త ఎక్కువ ఉంటుంది, కానీ మీకు పోతున్న పొడి లెక్క వేస్తే అది ఎక్కువ కాదు.

పచ్చగడ్డి
పులియబెట్టి పెడితే దాణా మూడో వంతు తక్కువ పడుతుందని విన్నాను.

తవుడుబస్తా
పులియబెట్టడం మంచిదే. నీళ్లలో ముంచి రెండు మూడు రోజులు ఉంచితే పుల్లటి వాసన వస్తుంది, లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది, అరుగుదలకి మేలు. నేనూ అప్పుడప్పుడు చేస్తాను. కానీ మిగులుతున్నది చాలావరకు పొడి నేలపాలు కాకపోవడం వల్ల. తడిపినా దాదాపు అంతే మిగులుతుంది. పైన రంగురంగుల బూజు కనబడినా, చెడ్డ వాసన వచ్చినా మొత్తం పారెయ్యాలి. పులుపు వాసన వేరు, కుళ్లు వాసన వేరు.

గింజలకొట్టు
బూజు అంటే గుర్తొచ్చింది. నా మొక్కజొన్న వానకి తడిసి కాస్త బూజు పట్టింది. రెండు రోజులు ఎండలో బాగా ఆరబెడితే వాడుకోవచ్చు కదా? పారెయ్యాలంటే ప్రాణం ఒప్పడం లేదు.

లెక్కలపుంజు
వద్దు. ఎండకి బూజు చస్తుంది, అది వదిలిన విషం చావదు. అఫ్లటాక్సిన్ ఎండబెట్టినా, ఉడికించినా పోదు. కాలేయం దెబ్బతింటుంది, గుడ్లు తగ్గుతాయి, పిల్లలైతే చచ్చిపోతాయి. మొక్కజొన్న, వేరుశెనగ చెక్క ఈ రెండిటికీ ఈ బెడద ఎక్కువ.

గింజలకొట్టు
మంచి గింజల్లో కొంచెం కొంచెం కలిపి పెడితే?

లెక్కలపుంజు
మంచి గింజలు కూడా పాడవుతాయి. ఎరువు గుంటలో వెయ్యండి, అది కూడా కోళ్లు కెలకని గుంటలో.

మూలగది
దాణా నిలవ గురించి ఒక మాట. ఖర్చు కలిసొస్తుందని ఒకేసారి నాలుగు బస్తాలు కొనేవాళ్లు ఉన్నారు. మర ఆడించిన దాణాలో విటమిన్లు నెలల తరబడి నిలవవు, కొవ్వు ముక్కిపోతుంది. నెలా నెలన్నరలో అయిపోయేంతే కొనండి, తయారైన తేదీ చూసి కొనండి. బస్తాని నేల మీద, గోడకి ఆనించి పెట్టకండి, చెక్కల మీద పెట్టండి. పాతది అయ్యాకే కొత్తది విప్పాలి. డ్రమ్ములో పాతదాని మీద కొత్తది పొయ్యొద్దు, అడుగున ఉన్నది ఎప్పటికీ అడుగునే ఉండి పురుగు పడుతుంది.

పెరటిఅమ్మమ్మ
ఇన్ని మాట్లాడుకుంటున్నారు, 10 పెట్టలకి 4 గుడ్లు ఏంటని ఎవరూ అడగరే? పొదల కింద, కట్టెల మోపు వెనక చూశావా నాయనా? దొంగగూడు పెట్టుకుని ఉంటాయి.

లెక్కలపుంజు
అమ్మమ్మ అడిగింది అసలు ప్రశ్న. దాణా ఖర్చంటే బస్తా ధర కాదు, గుడ్డుకి పడే దాణా. కొత్తగూడు గారికి నష్టమంతా ఆపినా రోజుకి 1.4 కిలోలకి 5 గుడ్లంటే గుడ్డుకి 280 గ్రాములు. అదే 10 పెట్టలు రోజుకి 8 గుడ్లు పెడుతుంటే, పుంజులు తినేది వదిలేసి పెట్టకి 115 గ్రాముల లెక్కన గుడ్డుకి 145 లోపే.

మౌనపాఠకుడు
పెట్టని పెట్టని కనిపెట్టడం ఎలా?

ఒంటిపుంజు
ఈ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను.

ఈకలబుట్ట
సాయంత్రం దూలం ఎక్కాక ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. తోక కింద గుడ్డు వచ్చే ద్వారానికి రెండు పక్కలా సన్నటి ఎముకల కొనలు తగులుతాయి. గుడ్లు పెడుతున్న పెట్టకి ఆ రెండిటి మధ్య రెండు మూడు వేళ్లు పడతాయి, ద్వారం వెడల్పుగా తడిగా ఉంటుంది. మానేసినదానికి ఒక వేలు పట్టడమే కష్టం, ద్వారం చిన్నగా పొడిగా ముడుచుకుని ఉంటుంది. తురాయి కూడా చూడండి, పెట్టేదానికి ఎర్రగా మెత్తగా, మానేసినదానికి పాలిపోయి ముడతలు పడి. కాళ్లు పసుపుగా ఉండే జాతైతే ఎక్కువ పెట్టేదాని కాళ్లు, ముక్కు తెల్లబడతాయి, ఆ రంగు పచ్చసొనలోకి పోతుంది కాబట్టి. అంటే ముద్దొచ్చే పసుపు కాళ్ల పెట్టే మీ ఇంట్లో ఊరికే కూర్చుని తినేది.

ఈకలబుట్ట
ఇంకోటి, ఈకలు రాలుస్తున్నదాన్ని తొందరపడి తీసెయ్యకండి. ఈక దాదాపు మొత్తం ప్రొటీనే, అందుకే ఆ రెండు మూడు నెలలు గుడ్లు ఆపి ఈకలు తయారు చేసుకుంటుంది. ఆ టైమ్‌లో దాణా తగ్గిస్తే ఇంకా ఆలస్యం. నట్టలున్నా, గోమార్లు పట్టినా తిన్నది ఒంటికి పట్టదు, గుడ్లు ఆగుతాయి. రాత్రి టార్చి వేసి దూలం సందుల్లో, రెక్కల కింద చూడండి.

కొత్తగూడు
అమ్మమ్మగారూ, మీరన్నట్టే. పాత రేకుల వెనక 14 గుడ్లు ఉన్నాయి!

పెరటిఅమ్మమ్మ
చెప్పలా.

ఒంటిపుంజు
ఇంట్లోవాళ్లకి చూపించండి ముందు.

లెక్కలపుంజు
తినే ముందు నీళ్లలో వేసి చూడండి. అడుగున పడుకుంటే తాజావి, నిలబడితే పాతవి, పైకి తేలితే పారేసెయ్యండి. అనుమానం ఉంటే ఒక్కొక్కటి విడిగా పగలగొట్టుకోండి. ఇకపై కొన్నాళ్లు మధ్యాహ్నం దాకా గూట్లోంచి వదలకండి, ఎక్కువ పెట్టలు పొద్దుటి పూటే పెడతాయి. గూట్లో పెట్టడం అలవాటయ్యాక మళ్లీ వదలొచ్చు.

కొత్తగూడు
ఎముకలు కూడా చూశాను. మూడిటికి ఒక వేలే పట్టింది. అందులో రెండు బాగా వయసైనవి, ఒకటి పొదుగుకి కూర్చుంది. పుంజులు రెండూ ఎందుకని అడుగుతారేమో, అవి మా పిల్లలు పెంచుకున్నవి, వాటి జోలికి రానివ్వరు.

తవుడుబస్తా
గుడ్లకి పుంజు అవసరమే లేదు, పిల్లలు చేయించాలంటే 10 పెట్టలకి ఒకటి చాలు. రెండో పుంజు తినేది కూడా మీ ఖర్చే. అయినా ఉంచుకోండి, అది కుటుంబ వ్యవహారం. ఒక్క మాట మాత్రం. లేయర్ దాణాలో 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉంటుంది, గుడ్లు పెట్టని కోడికి ఒక శాతం చాలు. పుంజులు, ముసలి పెట్టలు కలిసి ఉన్న మందలో కొందరు అన్నిటికీ గ్రోయర్ దాణా (ఎదిగే కోళ్ల దాణా) పెట్టి ఆల్చిప్ప పలుకులు వేరే గిన్నెలో పెడతారు. కావలసిన పెట్ట వెళ్లి తింటుంది, పుంజు ముట్టుకోదు. ఎదిగే పిల్లలకి మాత్రం లేయర్ దాణా అస్సలు పెట్టకండి, మూత్రపిండాలు పాడవుతాయి.

గింజలకొట్టు
తవుడుబస్తా గారూ, మీరు ఇంట్లోనే కలుపుతారని ఇంకో చర్చలో చదివాను. పాళ్లు చెప్పండి.

తవుడుబస్తా
100 కిలోలకి మొక్కజొన్న నూక 55, సోయా చెక్క 22, తవుడు 12, సున్నపురాయి పలుకు 9, డైకాల్షియం ఫాస్ఫేట్, ఉప్పు, విటమిన్ ఖనిజాల మిశ్రమం అన్నీ కలిపి 2. ప్రొటీన్ లెక్క: మొక్కజొన్న నుంచి 4.7, సోయా నుంచి 10, తవుడు నుంచి 1.4, మొత్తం 16 పైన. మెథియోనిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) కాస్త తక్కువ పడుతుంది, చేపపొడి కొంచెం ఉంటే సర్దుకుంటుంది, ఎక్కువైతే గుడ్డు చేపవాసన కొడుతుంది. ఉప్పు 0.3 శాతం దగ్గరే ఉంచండి, మరీ ఎక్కువైతే విషమే. చెక్క అన్నాను, పచ్చి సోయా గింజలు కాదు, వాటిలో ప్రొటీన్ అరగనివ్వని పదార్థం ఉంటుంది, వేడి చేస్తేనే పోతుంది.

లెక్కలపుంజు
లెక్క సరిపోయింది. కానీ 12 కోళ్లకి ఇది కలుపుకోవడం దండగ అని నా అభిప్రాయం. విటమిన్ మిశ్రమం చిన్న పొట్లం దొరకదు, పెద్దది కొంటే వాడే లోపల పాతబడుతుంది. గ్రాముల్లో వేసేవి చేత్తో సమానంగా కలవవు. 50, 60 కోళ్లు దాటాక ఆలోచించండి.

తవుడుబస్తా
ముడిసరుకు చవకగా దొరికేవాళ్లకి 20 కోళ్లకైనా గిట్టుబాటే. ముందు చిన్నవన్నీ కిలో తవుడులో కలిపి, దాన్ని పదిలో కలిపి, తర్వాత మొత్తంలో కలిపితే సమానంగానే కలుస్తుంది. మీకు ఓపిక లేదని చెప్పండి, గిట్టదని కాదు.

లెక్కలపుంజు
ఓపిక లేదు. 😄

పురుగులపెంపకం
వంటింటి మిగులు ఎవరూ ఎత్తలేదు. బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులు పెంచుతున్నాను, కూరగాయల తొక్కలు, పండిపోయిన పళ్లు వేస్తే కరకరా తినేసి బలుస్తాయి. ఎండిన పురుగులో 40 శాతం దాకా ప్రొటీన్, కొవ్వు కూడా బాగా ఉంటుంది. పెద్దయ్యాక నల్లబడి వాటంతట అవే వాలుబల్ల మీదుగా పైకి పాకి డబ్బాలో పడతాయి, ఏరక్కర్లేదు. ఈగ అయ్యాక పెద్దగా ఏమీ తినదు కాబట్టి మామూలు ఈగలా ఇంట్లో తిండి మీద వాలదు.

మూలగది
మీరు దాన్ని ఎంత అందంగా చెప్పినా మా ఇంట్లో జరగదు.

పురుగులపెంపకం
మాంసం ముక్కలు వెయ్యకపోతే, తడి మరీ ఎక్కువ కాకపోతే వాసన రాదు. డబ్బా అడుగున నీరు కారే దారి ఉండాలి, అది లేకపోతేనే కంపు. మొత్తం దాణాకి బదులుగా కాదు, సోయా పెట్టేదాంట్లో కొంత తగ్గుతుంది.

ఈకలబుట్ట
వంటింటి మిగులు నేరుగా పెట్టేవాళ్లు రోజు తిండిలో పదో వంతు దాటనివ్వకండి. ఉప్పు, నూనె ఎక్కువున్నవి, ఉడకని చిక్కుళ్లు, పచ్చబడ్డ బంగాళాదుంప తొక్కలు, అవకాడో తొక్క, చాక్లెట్ పెట్టకూడదు. సాయంత్రానికి మిగిలింది తీసి పారెయ్యాలి, లేకపోతే మన ఎలుకలన్న మళ్లీ రంగంలోకి దిగాలి.

ఎలుకలతోయుద్ధం
నేను రంగం వదిలి వెళ్లనే లేదు.

కొత్తగూడు
తొట్టి మార్చేశాను. వేలాడదీసింది, సగమే నింపుతున్నాను. రాత్రి తీసేస్తున్నాను, పొద్దున పూట తడిపి పెడుతున్నాను. షీటు మీద ఇప్పుడు చెప్పుకోదగ్గంత ఏమీ పడటం లేదు. రోజుకి కిలోన్నర పడుతోంది. కానీ కొత్త సమస్య, రెండు కోళ్లని మిగతావి తొట్టి దగ్గరికి రానివ్వడం లేదు. బేసిన్ ఉన్నప్పుడు ఈ గొడవ లేదు.

మూలగది
గుండ్రటి తొట్టి ఒక్కటే పెట్టారా? పొడవు తొట్టి లెక్కన కోడికి 10 సెంటీమీటర్ల చోటు కావాలి, తడి దాణాకి అందరూ ఒకేసారి ఎగబడతారు కాబట్టి ఇంకాస్త ఎక్కువ. రెండోది ఇంకో మూలన పెట్టండి, ఒకదాని దగ్గర నుంచి చూస్తే రెండోది కనబడకూడదు. పెత్తనం చేసే పెట్ట ఒకేసారి రెండు చోట్ల కాపలా కాయలేదు.

ఒంటిపుంజు
మా ఆఫీసులో ఆ పెట్ట నాలుగు చోట్ల కాస్తుంది.

ఈకలబుట్ట
నీళ్లు కూడా రెండు చోట్ల పెట్టండి. దాణాకి రెండింతలు నీళ్లు తాగుతుంది కోడి, ఎండల్లో ఇంకా ఎక్కువ. నీళ్లు అందని కోడి దాణా కూడా తినదు. తొట్టి పక్కనే మాత్రం వద్దు, ముక్కుకి అంటిన పొడి అంతా నీళ్లలో కడుగుతాయి, అదీ దాణా నష్టమే.

మౌనపాఠకుడు
ఎలుకలతోయుద్ధం గారూ, రాత్రి తొట్టి తీసేస్తే సరే, పగలు ఉడతలు వస్తున్నాయి మా దగ్గర. జాలీ ఏ సైజు కొట్టించాలి? ఇప్పుడున్నది మామూలు కోళ్ల వల.

ఎలుకలతోయుద్ధం
కోళ్ల వల కోళ్లని లోపల ఉంచడానికి, ఎవరినీ బయట ఉంచడానికి కాదు. అర అంగుళం చదరపు ఇనప జాలీ వెయ్యండి, ఉడతలు, పెద్ద ఎలుకలు ఆగుతాయి. చిట్టెలుకలు కూడా ఆగాలంటే పావు అంగుళం. గోడ మొదట్లో ఒక అడుగు మట్టిలోకి దించి, బయటి వైపుకి వంచి పూడ్చండి, తవ్వుకుంటూ వచ్చేవి అక్కడ ఆగిపోతాయి. తలుపు కింద సందు చూసుకోండి, అందరూ అక్కడే వదిలేస్తారు.